పారేసే కొవ్వును అడిగి తీసుకున్న మేడమ్

మా మేడమ్ పోయారు. పోయిన ఆదివారం పొద్దున మదీనాగూడ నుంచి ఆవిడ మేనకోడలు ఫోన్ చేసి, "నిద్రలోనే పోయారండీ, ఏ బాధా పడలేదు" అని చెప్పింది. నిజాంపేట నుంచి నేను వెళ్ళేసరికి అపార్ట్‌మెంటు సెల్లారులో ఫ్రీజర్ బాక్స్, దాని చుట్టూ కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. వచ్చినవాళ్ళలో చాలామందికి ఆవిడ ఏం పని చేసేవారో తెలియదు. "ఏదో కాలేజీలో లెక్చరరంట" అన్నాడు పక్క ఫ్లాటాయన. నేను సరిదిద్దలేదు. బాక్స్ అద్దం మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి వచ్చేశాను. ఏడుపు రాలేదు. ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళకు అది అంత సులువుగా రాదు.

ఆవిడ ఏం చేసేవారో మీకైనా చెప్తాను. డెబ్బైలలో నగరంలోని ఒక పరిశోధనశాలలో మనిషి ఒంట్లోని కొవ్వు మీద పనిచేసేవారు. నేను ఆవిడకు సహాయకురాలిని. అప్పట్లో కొవ్వంటే అందరికీ చిన్నచూపే. తిన్నది ఎక్కువైతే దాచుకునే గోదాము, అంతకుమించి ఏం లేదనుకునేవాళ్ళు. హార్మోన్ల మీద పనిచేసేవాళ్ళు గ్రంథిని తీసుకుని, చుట్టూ అంటుకున్న కొవ్వును గీకి పారేసేవాళ్ళు. మేడమ్‌కు ఆ పారేసేదే కావాలి. "పారేసే ముందు ఒక మాట అడగాలి కదండీ" అనేవారు. అడగాల్సింది ఎవరినంటే, ఆ కొవ్వునే.

ఆపరేషన్లున్న రోజు నేను థర్మాస్‌లో ఐసు పోసుకుని, డాక్టర్లు తీసే కొవ్వు ముక్క కోసం దవాఖానలో కూర్చునేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు "ఏందక్కా, ఐస్‌క్రీమా?" అంటే తలూపేదాన్ని. తెచ్చిన ముక్కను సన్నగా తరిగి, రేడియోధార్మిక గుర్తు తగిలించిన హార్మోను కలిపి, ఒంటి వేడిలో ఉంచేవాళ్ళం. ఆ తర్వాత ఈథర్ అనే ద్రావకంతో హార్మోన్లను విడదీయాలి. అదొక నరకం. జిడ్డు పైకి తేలి, నురగ కట్టి, ఏ పొర ఏదో తెలిసేది కాదు. నేను విసుక్కుంటే, "కొవ్వుకు లేని తొందర మనకెందుకండీ" అనేవారు మేడమ్. గాజుసామాను ఎవరి చేతికీ ఇవ్వరు, తనే కడుక్కునేవారు. గోదావరి జిల్లా మనిషి కదా, తిట్టినా అండీతోనే తిట్టేవారు.

చివరికి మాకు తేలింది ఇది. మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథి రక్తంలోకి వదిలే ఒక హార్మోనును కొవ్వు ముడిసరుకుగా తీసుకుని, కొంచెం కొంచెంగా ఆడ హార్మోనుగా మారుస్తోంది. ముట్లుడిగి అండాశయం పని మానేసిన ఆడవాళ్ళలో కూడా మారుస్తోంది. ఒళ్ళున్నవాళ్ళలో ఆ పని ఎక్కువ జరుగుతోంది. దీన్ని మేడమ్ కనిపెట్టారని నేను చెప్పను. బయటి దేశాలవాళ్ళూ అదే తవ్వుతున్నారు, మాకంటే ముందే రాశారు. ఆవిడకు బాధ కలగలేదా అంటే, కలిగింది. ఆ రోజంతా కడిగిన గాజుసామానే మళ్ళీ మళ్ళీ కడిగారు.

మా ఇల్లు మాదాపూర్‌లో. అప్పుడది బండల మధ్య, సీతాఫలం చెట్ల మధ్య ఊరు. తల్లి లేని నన్ను పెద్దమ్మ పెంచింది. ఆమెకు పిల్లల్లేరు. భారీ మనిషి, పెద్ద గొంతు, పెరుగు లేకుండా ముద్ద దిగదు. ఒకరోజు నేను మేడమ్ దగ్గర పర్మిషన్ అడిగాను.

"జల్ది పోవాలె మేడమ్. పెద్దమ్మ బయటుంది, వంట నేనే చెయ్యాలె."

"ఆవిడకింకా ముట్లు ఆగలేదా అండీ?"

"ఎప్పుడో ఆగినయి. మల్ల మొదలైనయి. గట్టి ఒళ్ళు గదా అంటున్నరు అందరు."

మేడమ్ చేతిలోని గరాటును స్టాండుకు తగిలించారు. "రేపే డాక్టరుకు చూపించండి" అన్నారు.

పెద్దమ్మ రానంది. ముట్టులో ఉండగా నలుగురిలోకి పోకూడదు. తలస్నానం అయ్యాక పోదామంటే, ఆగిపోయింది కదా, ఇంకెందుకు అనేది. మళ్ళీ మొదలైతే మళ్ళీ బయట కూర్చునేది. ఈ తిరుగుడులోనే నెలలు గడిచాయి. నేను చెప్పే సైన్సు ఆమె చెవికి ఎక్కలేదు. తన చేతి ముద్దలు తిన్నదాన్ని, నా మాట ఏం లెక్క? నాకు మాత్రం భయం పట్టుకుంది. ఆమె పోతే నాకు ఇంకెవరూ లేరు.

చివరికి మేడమే వచ్చారు. బస్సు దిగి, బండల మధ్య నడిచి వచ్చి, వాకిట్లో విడిగా కూర్చున్న పెద్దమ్మను చూసి, నేరుగా ఆ చాప మీదే కూర్చున్నారు.

"అయ్యో, దూరం జరుగు! ముట్టున్న" అంది పెద్దమ్మ.

"ఇది ముట్టు కాదండి."

"నా ఒంటి సంగతి నాకు ఎర్కలేదా?"

"ముట్టు అండాశయం చేసే పనండి. అది నెలనెలా మొదలుపెడుతుంది, ఆపుతుంది. మీకు అది పని మానేసి చాన్నాళ్ళయింది. అది చేసే ఆడ హార్మోనును ఇప్పుడు మీ కొవ్వు చేస్తోంది. దానికి ఆపడం రాదు. అందుకని గర్భసంచి లోపలి పొర పెరుగుతూనే ఉండి, రక్తం పోతుంది. అక్కడ గడ్డేమైనా పుట్టిందేమో చూడాలి."

పెద్దమ్మ తన దండచెయ్యి పట్టుకుని చూసుకుంది. "కొవ్వు గిట్ల గుడ చేస్తదా?"

"చేస్తుందండి. మేం చూశాం."

"అయితే ఇది ముట్టు గాదు."

"కాదండి."

"ముట్టు గాకుంటే అంటు లేదు."

"లేదండి."

ఆచారం మంచిదో చెడ్డదో మేడమ్ ఒక్క మాటైనా అనలేదు. తెలిసింది చెప్పి ఊరుకున్నారు. పెద్దమ్మ లేచి, స్నానం చెయ్యకుండానే గడప దాటి లోపలికి పోయి, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వచ్చింది. "పా మరి, దవాఖానకు" అంది.

గర్భసంచిలో గడ్డ ఉంది. ఇంకా బయటికి పాకలేదు. ఇంకొన్నాళ్ళు ఆగితే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు డాక్టరు. ఆపరేషన్‌లో కొవ్వు ముక్క తీసుకోవచ్చా అని మేడమ్ ముందే పెద్దమ్మను అడిగారు. రోగిని అలా అడగడం నేను అంతకుముందు చూడలేదు. "తీస్కో బిడ్డా, నాకేం తక్కువున్నదా" అంది పెద్దమ్మ. ఆ రోజు ఆపరేషన్ గది బయట థర్మాస్ మేడమే పట్టుకుని కూర్చున్నారు.

ఒళ్ళు కుదుటపడ్డాక పెద్దమ్మ మా ల్యాబు చూస్తానని పట్టుబట్టింది. మేడమ్ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, తెల్లటి పూత పూసిన గాజుపలకను అయోడిన్ ఆవిరి పట్టే డబ్బాలో నిలబెట్టారు. పెద్దమ్మ కొవ్వులోంచి తీసిన సారం ఆ పలక మీదే ఉంది. కాసేపటికి తెలుపు మీద గోధుమరంగు మచ్చ ఒకటి తేలింది.

"గిదేనా నా పానం మీదికి తెచ్చింది?"

ఇంకొకరైతే అవునని ఊరుకునేవారు. "కాదండి" అన్నారు మేడమ్. "కనిపించేది, చోటు తెలియడానికి మేం కలిపిన అదే రకం హార్మోను. మీది కూడా అక్కడే ఉంది. కానీ చాలా తక్కువ, కంటికి ఆనదు. మెషీన్‌కే తెలుస్తుంది."

"కంటికి ఆననంత దానికా నేను సచ్చిపోతుంటి!"

పలకను బయటికి తీస్తే ఆ రంగు గాలికి వెలిసిపోతుంది. అందుకని చుట్టూ గీత గీసి పెట్టుకుంటాం. మేడమ్ పెన్సిల్‌ను పెద్దమ్మ చేతికిచ్చి, "మీరే గీయండి" అన్నారు. బతుకులో ఎన్నడూ పెన్సిల్ పట్టని మనిషి, నాలుక కొరుక్కుంటూ, వంకరగా ఒక చుట్టు గీసింది. చూస్తుండగానే మచ్చ పలచబడి మాయమైంది. ఏమీ లేనట్టు తెల్లగా మిగిలిన ఆ చోటును, తలా తలా ఆనించి, వాళ్ళిద్దరూ చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.