ముల్లు తప్పు

మా మామయ్య కళ్ళద్దాల షాపు వెనకగదిలో పనిచేస్తాడు. డాక్టరు రాసిచ్చిన నంబరుకు తగ్గట్టు అద్దాన్ని అరగదీయడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళలో తిరిగొచ్చిన అద్దాలు పదికి మించవని చెప్పుకుంటాడు. పదకొండోది తన కళ్ళజోడేనంటుంది అత్తయ్య.

ఇంట్లో ఆయన ఆస్తి నూట నలభై గ్రామఫోను రికార్డులు, ఒక తెల్లపిల్లి, ఒక ముసలి కుక్క. పిల్లి ఏ పనీ చేయదు కాబట్టి దానికి దొరసాని అని పేరు పెట్టాడు. రోజూ ఒకే వేళకు వచ్చి ఒకే చోట కూర్చునే కుక్క గుమాస్తా. షాపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే ఒక రికార్డు తీసేవాడు. వేళ్ళు దాని మీది గాడులకు తగలకుండా రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకునేవాడు. పెళ్ళినాడు నా చెయ్యి కూడా ఇంత భద్రంగా పట్టుకోలేదని వంటింట్లోంచి అత్తయ్య దెప్పేది. గుమాస్తాకు చెవుడు. అయినా స్పీకరు పెట్టెకు గడ్డం ఆనించి పడుకునేది. ఆ అదురు దవడకు తెలిసేది కాబోలు. దొరసాని ప్లేయరు పక్కనే బల్లమీద కూర్చుని, తిరిగే రికార్డుతో పాటు తల ఊపేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన ఫిడేలు రికార్డు మూడో పాట దగ్గర ఆగి, ఒకే ముక్కను పదేపదే పలికింది. భూతద్దం తెచ్చి చూశాడు. గాడి అంచు చెక్కినట్టు లేచిపోయి ఉంది. పక్కనే రెండు తెల్ల వెంట్రుకలు. అవి కనపడగానే ఇక వెతకడం ఆపేశాడు. ఆ రికార్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు. షాపు వీధి చివర ధాన్యం గోడౌను వాచ్‌మన్ ఎలుకలతో వేగలేక పిల్లి కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. అత్తయ్య వద్దంటున్నా ఆ సాయంత్రమే తీసుకెళ్ళి ఇచ్చేశాడు.

ఆ వారం మేం వెళ్ళాం. మా పాపకు రెండేళ్ళు. తోక కనిపిస్తే పట్టుకుని లాగుతుంది. గోళ్ళ భయంతో ఆ ఇంట్లో నేను ఏనాడూ స్థిమితంగా కూర్చోలేదు. అందుకని, మంచి పని చేశావు మామయ్యా, అన్నాను. చదువుకున్నవాళ్ళు కూడా అదే అంటున్నారు చూశావా, అని ఆయన నన్ను అత్తయ్యకు చూపించాడు. మూడోరోజుకే పిల్లి కనపడకుండా పోయిందని వాచ్‌మన్ కబురు పంపాడు. అత్తయ్య గుమ్మంలో పాలగిన్నె పెట్టి చూసింది. రాలేదు. గుమాస్తా పాట వేళకు వచ్చేది, బల్ల కేసి ఒకసారి చూసేది, వాకిట్లోకి పోయి పడుకునేది.

నెల తిరక్కుండా ఇంకో రెండు రికార్డులు అలాగే ఆగాయి. లోహపు ముక్కలు ఎందుకు విరిగాయో పరీక్షించి రాసే ల్యాబులో నా ఉద్యోగం. ప్లేయరు ముల్లు ఊడదీసి తీసుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను. గుండ్రంగా ఉండాల్సిన మొన ఒకవైపు ఉలిలా పలచబడింది, రెండోవైపు పెచ్చు లేచింది. కారణం దొరికిందన్న సంబరంలో ఫొటో తీసి పట్టుకెళ్ళాను.

ముల్లు ఎప్పుడు మార్చావని అడిగాను. ప్లేయరుతో పాటు వచ్చిందేనట. షాపులో అద్దాలు అరగదీసే చక్రాన్ని తేదీ రాసిపెట్టుకుని మార్చే మనిషి, ఇంట్లో ముల్లు కూడా అరుగుతుందని అనుకోలేదు. కళ్ళజోడు తీసి ఫొటోను ముక్కు దగ్గరకు తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"పిల్లి దూకితే ఇట్లా విరగదా?" అన్నాడు.

విరుగుతుంది అంటే సరిపోయేది. "ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు మామయ్యా. ఏళ్ళ తరబడి అరిగింది," అని రిపోర్టు చదివినట్టు చెప్పేశాను. అత్తయ్య వెళ్ళి గుమ్మంలో పాలగిన్నె మళ్ళీ నింపింది. తిట్టి ఉంటే ఆయనకే కాస్త నయంగా ఉండేది.

కొత్త ముల్లు నేనే కొనితెచ్చి బిగించాను. వారం తర్వాత అత్తయ్య ఫోన్ చేసింది. రోజూ షాపు నుంచి తిన్నగా గోడౌనుకు పోయి, ఆ చుట్టుపక్కల సందులన్నీ తిరుగుతూ దొరసానిని పిలుస్తున్నాడట. ఆదివారం సాయంత్రం మేం వెళ్ళేసరికి ప్లేయరు మీద దుప్పటి కప్పి ఉంది. మామయ్య పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. దారిలో అనుకుంటూ వచ్చిన మాట నేను బయటపెట్టాను. ఆ ముల్లును మళ్ళీ చూశాననీ, పిల్లి తగలడం వల్లే మొన విరిగి ఉండొచ్చనీ అన్నాను.

"అరగడానికీ విరగడానికీ తేడా నాకు తెలీదా? నువ్వు ఫొటో చూపించినప్పుడే తెలిసింది. ఊరికే అడిగాను, అవునంటావేమోనని."

పాపను దింపి చెప్పులు వేసుకున్నాడు. వాచ్‌మన్ ఏమంటున్నాడని అడిగాను. రావద్దంటున్నాడట. పిల్లి చేయాల్సిన పని నువ్వే చేస్తున్నావు, నీ అరుపులకు ఎలుకలన్నీ పారిపోతున్నాయి అన్నాడట. అది చెబుతూ మామయ్య నవ్వబోయి మానేశాడు.

పిల్లులకు ఇల్లు గుర్తుంటుందనీ, అదే వస్తుందేమో కొన్నాళ్ళు చూడమనీ అన్నాను.

"ఎట్లా వస్తుంది? గుడ్డసంచిలో వేసి మూతి కట్టి తీసుకెళ్ళాను. దారి చూడనిచ్చానా దాన్ని?"

అత్తయ్య లోపలికి వెళ్ళి టార్చిలైటు తెచ్చి ఆయన చేతికిచ్చింది.