శ్యామ్ అంకుల్ పేరుకి అర్థం

మార్చి, రెండో ఆదివారం. రెండు విడతల బట్టలు ఉతికి ఆరేశాను. ఫ్రిజ్ కడిగాను. కందిపప్పు డబ్బాలోకి ఎత్తాను. ఇస్త్రీ మిగిలింది... రేపు.

మా చిన్నప్పుడు సింగపూర్‌లో, సెరంగూన్ ఫ్లాట్‌లో ఆదివారం పనులు ఇంత త్వరగా తెమిలేవి కావు... ఎవరో ఒకరు భోజనానికి వచ్చేవారు. నాన్న రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేసేవారు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని అందరూ హడలిపోతున్న రోజులవి. ఆ పాత ప్రోగ్రాములు తెలిసినవాళ్ల కోసం దేశదేశాలూ వెతికేవారు.

"అమెరికా నుంచి కొత్తాయన వచ్చారు. పేరు శ్యామ్. భోజనానికి పిలిచాను" అన్నారు నాన్న ఒకరోజు.

శ్యామ్ అనగానే అమ్మ మనవాడే అనుకుంది. ముద్దపప్పు, గుత్తివంకాయ, మిరియాల చారు... "ఏ ఊరివాళ్లో, కారం తింటారో లేదో" అని తనలో తనే గొణుక్కుంటూ.

తలుపు తీస్తే... గుమ్మానికి తల తగిలేంత పొడుగున్న నల్లజాతి అమెరికన్! యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టు వెనక్కి లాగి కట్టుకున్నారు. మెళ్లో పూసలు.

మా తమ్ముడు నోరు వెళ్లబెట్టాడు. "అంకుల్, బాస్కెట్‌బాల్ ఆడతారా?"

"మోకాళ్లు పోయాయి లా" అన్నారాయన. వచ్చి నెల తిరగలేదు, ఈ ఊరివాళ్లు మాట చివర తగిలించే 'లా' అప్పుడే పట్టేశారు!

(మాటలన్నీ ఇంగ్లీషులోనే... నేను తెలుగులో చెప్తున్నాను.)

భోజనాల దగ్గర నాన్న ఆ జుట్టు సంగతి అడిగారు. కుర్రతనంలో ఆయన హిప్పీ అట! మా ఇంట్లో హిప్పీ అంటే క్రాఫే... తమ్ముడి జుట్టు చెవులు దాటితే "ఏంట్రా ఆ హిప్పీ క్రాఫు" అని నాన్న కసిరేవారు. అసలు హిప్పీని చూడటం అదే మొదలు.

ఇల్లు వదిలొచ్చిన కుర్రాళ్లు కొందరు కొండల్లో ఒక పొలంలో చేరి, కలిసి వండుకుని, కలిసి బతికారట. అందరూ తెల్లవాళ్లు, ఈయనొక్కరే నల్లవాడు. బయల్దేరేటప్పుడు వాళ్ల వీధిలోవాళ్లు, "మనకున్న పేదరికం చాలదా? వాళ్లతో కలిసి పేదాట ఆడాలా?" అని నవ్వారట.

"పోలీసులు వస్తే కాగితాలు నన్నే అడిగేవారు. సాయంత్రం పాటలు మొదలైతే డోలు నా ఒళ్లోనే పెట్టేవారు. నాకు డోలు రాదు. నాకొచ్చింది రొట్టెలు కాల్చడం! అయినా... అంత సంతోషంగా నేను మళ్లీ ఎక్కడా లేను. మా ఊళ్లో నేను నల్లవాణ్ణి. అక్కడ మాత్రం శ్యామ్‌ని."

అక్కడ అందరూ ఇండియా పేర్లు పెట్టుకున్నారట. ఆనంద్, శాంతి, ప్రేమ్... ఈయనకి శ్యామ్. "సాయంకాలపు ప్రశాంతత అని అర్థం చెప్పారు" అన్నారు మురిసిపోతూ.

అమ్మ వంకాయ వడ్డిస్తోంది. "సాయంకాలం కాదండీ... శ్యామ అంటే నలుపు" అంది, మామూలుగా.

నాన్న అమ్మ వైపు ఒక చూపు చూసి, "కృష్ణుడి పేరు! మాకు చాలా గొప్ప దేవుడు" అని సర్దబోయారు.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మరి మిగతా పేర్లకి?"

నాన్న చెప్పక తప్పలేదు. ఆనంద్ అంటే సంతోషం. శాంతి అంటే శాంతే. ప్రేమ్ అంటే ప్రేమ.

"అయితే నాకొక్కడికే రంగు" అన్నారాయన. మళ్లీ తనే, "వాళ్లకి నేనంటే నిజంగా ప్రేమే. అదే చిక్కు" అన్నారు.



అప్పుడు అమ్మ గరిటె కింద పెట్టి, మామూలుగా ఎవరి ముందూ కూర్చోని మనిషి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా ఇంట్లో ఇద్దరు పద్మలం. మా పెదనాన్న కూతురు, నేనూ. పుట్టిన దగ్గర్నుంచీ నేను నల్ల పద్మని. ఇప్పటికీ ఫోన్లో 'నల్ల పద్మని పిలవండి' అనే అంటారు. వాళ్లకీ నేనంటే ప్రేమే."

"మరి ఆవిడ తెల్ల పద్మా?"

"కాదు" అంది అమ్మ. "ఆవిడ ఉత్త పద్మ."

ఆయన ముందు నవ్వారు. తర్వాత అమ్మ నవ్వింది... నవ్వుతూనే చెంగుతో కళ్లు తుడుచుకుంది. నాన్న మాత్రం నవ్వలేదు. ఆ పిలుపు అమ్మని నొప్పిస్తుందని ఆరోజు దాకా మాలో ఎవరికీ తెలీదు.

"మీ అమ్మగారు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అని అడిగింది అమ్మ.

"రోలండ్."

"రోలండ్ గారూ... చారు పోసుకోండి."

"థాంక్యూ, పద్మా."

మాకు అమ్మ, పక్క ఫ్లాట్లకి ఆంటీ, నాన్నకి 'ఇదిగో', చుట్టాలకి నల్ల పద్మ. మా ఇంట్లో ఉత్త 'పద్మా' అని ఎవరైనా పిలవగా నేను విన్నది అదే మొదటిసారి.

ఆఫీసులో మాత్రం ఆయన శ్యామ్‌గానే ఉండిపోయారట. "ఇన్నేళ్లు పలికిన పేరు, ఎలా వదలను?" అన్నారట నాన్నతో. మా ఇంట్లో మాత్రం రోలండ్. రెండు వేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లకి ఏమీ కాలేదు, ఆయన పని అయిపోయింది... వెళ్లిపోయారు.

ఇద్దరు పద్మలు ఒక్క చూరు కింద పెరిగే ఇళ్లే లేవిప్పుడు... ఆ పిలుపులు మాత్రం పోలేదు. మీ ఇళ్లలోనూ నల్లక్క, పొట్టిబాబాయ్ అని ఎవరైనా ఉండే ఉంటారు. వాళ్ల అసలు పేర్లు కింద రాయండి... ఒక్కసారి అందరం చదువుదాం.

ఇవాళ మామయ్య కొడుకు ఫోన్ చేశాడు. "ఏం మరదలా, నల్లత్త కులాసానా?"

"మా అమ్మ పేరు పద్మ, బావా."

"తెలుసులేవే! మరి ఆ రెండో ఆవిణ్ణి ఏమనాలి?"

"ఆవిడా పద్మే."

"సరే... పద్మత్తకి ఫోనివ్వు" అన్నాడు.

ఇచ్చాను. అమ్మకి నేను పడ్డ పాత బాకీ... ఇవాళ్టితో చెల్లు.