గోడల్లేని ఇంట్లో పాస్‌వర్డ్

లఫాయెలే తాత కంప్యూటర్ బాగుచేయాలంటే ముందు నడుముకు చుట్టుకునే లావాలావా గుడ్డను బిగించి కట్టుకుంటాడు, వైఫై డబ్బాను రెండు దెబ్బలు వేస్తాడు, తర్వాత చాప మీద బాసింపట్టు వేసుకుని మిగతాది దేవుడికి వదిలేస్తాడు. ఈసారి దేవుడూ పలకలేదు. రేపు అపియా పట్నంలోని చర్చిలో పిల్లల పండుగ. వాళ్లు పాడాల్సిన పాటల బాణీలు తాత విండోస్ కంప్యూటర్లో ఉన్నాయి. అవి ఇంటికి తెచ్చిపెట్టిన చర్చి వాళ్ల మ్యాక్ కంప్యూటర్‌లోకి రావాలి. మ్యాక్‌కి తాత కంప్యూటర్ కనిపిస్తోంది గానీ అది లోపలికి రానివ్వడం లేదు. ఉన్న ఒక్క పెన్‌డ్రైవూ పొద్దున కోకో కప్పులో మునిగింది.

"నీ కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ లేదు తాతా! అది లేకపోతే వేరే కంప్యూటర్‌ని రానివ్వదట," అంది మనవరాలు మలాయెలా.

"మనింటికి స్తంభాలే తప్ప గోడలే లేవు, దీనికి తాళమెందుకే?"

"అయితే రేపు పిల్లల బదులు నువ్వే పాడు."

తన గొంతు సంగతి తాతకూ తెలుసు. ఒంటివేలితో పాస్‌వర్డ్ పెట్టాడు. అది మ్యాక్‌లో కొట్టగానే పాటలన్నీ బిలబిలా వచ్చేశాయి. తాత అరుగు అంచుకెళ్లి దారిన పోయేవాళ్లకు కేకేశాడు: "పాస్‌వర్డ్ మా పంది పేరే! కావలసిన పాటలు తీసుకోండి!"

"అయ్యో, అది ఎవరికీ చెప్పకూడదు తాతా!"

"చెప్పకపోతే వచ్చినవాడు లోపలికెలా వస్తాడే?"