బాబాయి అన్న "ఉంటాను"

మా బాబాయి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. చెయ్యి ఎంత చురుకో నోరు అంత మొద్దు. ఆయన బిగించినదాన్ని యజమాని చొక్కాకి తుడిచి, "దగ్గరుండి నేనే చేశాను" అంటూ గిరాకీకి ఇస్తుంటే, లోపల కుక్కిన పేనులా కూర్చుంటాడు.

ఈమధ్య కంటాసుపత్రి వాళ్ళు ఉద్యోగానికి రమ్మన్నారు. వెళ్ళాలంటే ముందు యజమానికి మానేస్తున్నానని చెప్పాలి. రోజూ చెబుదామని వెళ్ళి, నమస్కారం పెట్టి తిరిగొస్తున్నాడు. ఇక ఆగలేమని ఆసుపత్రి వాళ్ళు కబురు పెట్టారు. మానేయడానికి నాకు ఉద్యోగమే లేదు కనక, నాకు ధైర్యం ఎక్కువ. "ఇంట్లో ప్రాక్టీసు చెయ్యి బాబాయ్" అన్నాను.

ఇంట్లో కంప్యూటరు బాబాయి ఫోనుతో కలిపి ఉంది. అందులోంచే మాట్లాడొచ్చు. కాకపోతే దాంట్లో ఒక లోపం బయటపడింది. ఫోను చెయ్యమంటారా అని అడగాల్సింది పోయి, కొన్ని పేజీలు తెరిస్తే చాలు, అక్కడున్న నంబరుకి తనే కలిపేస్తుంది. దాన్ని సరిచేసే అప్‌డేట్ పెట్టుకోమని నెత్తీనోరూ కొట్టుకున్నాను. "నా దగ్గర రహస్యాలేం ఉన్నాయిరా" అన్నాడు.

ఆదివారం షాపు వెబ్‌సైటు తెరిచి, యజమాని ఫోటోకి ఎదురుగా కూర్చున్నాడు. ఫోటో కింద నంబరు.

"చూడండీ, పని నాది, పేరు మీది. పైగా చొక్కాకి తుడుస్తారు. గీతలు పడవూ? ఇక నావల్ల కాదు, మానేస్తున్నాను."

"ఎవరూ, నువ్వా?" అంది కంప్యూటరు, యజమాని గొంతుతో.

బాబాయి లేచి నిలబడి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "ఏం లేదండీ. ఉంటానండీ" అని కట్ చేశాడు.

"గోడలకి చెవులే అనుకున్నాను. దీనికి వేళ్ళు కూడానా?" అంది పిన్ని వంటింట్లోంచి.

మర్నాడు తోడుగా నన్నూ లాక్కెళ్ళాడు. యజమాని మెత్తటి గుడ్డతో అద్దాలు తుడుస్తున్నాడు.

"రావయ్యా. అన్నీ విన్నాను. కడుపులో ఉన్నది కక్కేశావు, మంచిదే. చివరికి ఉంటానన్నావు, నాకదే చాలు."

బాబాయి చేతులు నమస్కారానికి సగం దాకా లేచి, అక్కడే ఆగిపోయాయి.

"అది ఫోను పెట్టేసే ఉంటానండీ. ఉండే ఉంటాను కాదు."

యజమాని తుడవడం ఆపాడు. "మరి ఉండేదాన్ని ఏమంటారయ్యా?"

"దాన్నీ అలాగే అంటారండీ" అన్నాడు బాబాయి. "నేను మాత్రం అది అనలేదు. నెలాఖరుకి వెళ్ళిపోతున్నాను."