గుడియాత్తం మిద్దె ముందు నేను చెప్పిన మాటలు

దయ్యాలను నమ్మే మనిషిని కాను. కట్టడాల పనిలో సూపర్‌వైజరుగా నా వయసంతా గడిచింది. పునాది తవ్వేటప్పుడు ఎముకలు బయటపడితే కూలీలు గడ్డపారలు పారేసి దూరంగా పోయి నిలబడేవాళ్లు. నేను గుంతలో దిగి, అది మేక ఎముకో గొడ్డు ఎముకో చూపించి, పని మళ్లీ మొదలుపెట్టించేవాణ్ణి. మా ఇంట్లో ఎవరికీ పూనకాలు రావు. నాకు నిద్రలో నడిచే అలవాటు లేదు, మందు ముట్టను. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా సంగతి విన్నవాళ్లు మొదట అడిగేవి ఇవే.

రిటైరైనాక వేలూరులో మేం కొందరం కలిసి ఒక చిన్న చరిత్ర సంఘం పెట్టుకున్నాం. కోటల గురించి, రాజుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మాకు కావలసింది పాత ఇళ్లు, వాటిని కట్టిన చేతులు. ఈ పక్క కట్టడం పనిలో ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో. నేనూ అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఈ అక్షరాలు రాయడం కూడా పెద్దయినాక పట్టుబట్టి నేర్చుకున్నదే.

సంఘం నడపడమంటే కూర్చొని చరిత్ర మాట్లాడుకోవడం అనుకున్నాను. అందులో దిగినాక తెలిసింది, రోజంతా డబ్బు కోసం తిరగడమే అని. గది బాడుగ, కరెంటు, పాత ఫోటోలు చెదలు తినకుండా ఇనుప బీరువా, ఏడాదికొక చిన్న పుస్తకం. చందాలు దేనికీ చాలవు. ఎవరినైనా విరాళం అడిగితే, "గుడి కట్టండి సార్, ఇస్తాం" అంటారు. పాత గోడలకు ఎవరిస్తారు?

మా కోశాధికారి సరోజమ్మ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఆమే ఒక దారి చూపింది. నెలకొక ఆదివారం పొద్దున జనాన్ని గుడియాత్తం తీసుకుపోయి పాత వీధుల్లో నడిపిస్తూ ఇళ్లు చూపిద్దాం, వచ్చినవాళ్ల దగ్గర కొంచెం తీసుకుందాం అనింది. మొదలుపెట్టినాం. బాడుగకు సరిపోయేటంత రావడం మొదలైంది.

నడకలో మాట్లాడేది నేను. వచ్చేవాళ్లలో తమిళం వాళ్లే ఎక్కువ కాబట్టి తమిళంలోనే చెప్తాను. ఆధారం లేని కథ ఒక్కటి కూడా చెప్పకూడదని సంఘంలో నియమం పెట్టింది నేనే. ఫలానా ఇంట్లో నిధి ఉందంట, ఫలానా బావిలో ఎవరో దూకినారంట అని మా సభ్యులెవరైనా మొదలుపెడితే అక్కడే ఆపేసేవాణ్ణి. దానికి నన్ను వెనక ఎగతాళి చేసేవాళ్లని కూడా తెలుసు.

ఆ ఆదివారం జనం బాగా వచ్చినారు. బజారు వెనక సందులో ఒక పాత మిద్దె ఉంది. వీధి వైపు తిన్నె, టేకు స్తంభాలు, పైన పిట్టగోడకు సున్నంతో చేసిన పూలు. ఇంట్లో ఎవరూ ఉండరు, తలుపుకు తాళం. అక్కడ నేను ఎప్పుడూ చెప్పేది రెండే మాటలు. కప్పు ఎలా వేసినారో ఒకటి, స్తంభాల పనితనం ఒకటి. ఆ రోజు కూడా అవే చెప్పినట్టు నాకు గుర్తు. చెప్పి, "వాంగ, అడుత్త వీడు" అని తరువాతి ఇంటికి అందరినీ రమ్మన్నట్టు గుర్తు.

ఎవరూ కదల్లేదు. నా నోరు ఎండిపోయి ఉంది. నాలుక మీద సున్నం మంట. ఎండ దెబ్బ అనుకున్నాను.

ఎనభై దాటిన ఒక ముసలమ్మ ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. కొడుకుతో కారులో నేరుగా అక్కడికే వచ్చి కలిసిన మనిషి. అంతకుముందు ఆమెతో నేను మాట్లాడింది లేదు, పేరు కూడా తెలియదు.

"ఆ మాట నీకెవురు చెప్పినారు నాయనా?" అని అడిగింది.

కప్పు సంగతి అడుగుతా ఉందనుకొని, "పని చేసినోళ్లే చెప్పినారమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసి పోయి తిన్నె మీద కూర్చునింది. కొడుకు లేవమన్నా లేవలేదు. మేం ముందుకు పోయినాం. నాకు ఏమీ అర్థం కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో సరోజమ్మ, కే.వి.కుప్పం దాటినాక నా పక్కకు తిరిగి, "ఏందన్నా, మమ్మల్నంతా ఆధారం ఆధారం అని చంపుకుతింటావు. ఈ పొద్దు నువ్వు ఆడిన నాటకం ఏంది?" అనింది.

ఏం నాటకం అన్నాను.

"అంతసేపు తెలుగులో చెప్పినావే, ఆ మేస్త్రీ పడిపోయిన కథ. తమిళం వాళ్లంతా బొమ్మల మాదిరి నిలబడినారు. అదీ 'పడినాడు' అని కూడా కాదు, 'పడినా, పడినా' అంటా ఉండావు, పడింది నువ్వే అయినట్టు."

ఆమె తమాషా చేస్తా ఉందని నవ్వినాను. ఆమె నవ్వలేదు.

మరుసటి రోజు మా గదికి ఆ ముసలమ్మ కొడుకు వచ్చినాడు. పేరు దామోదరం. వేలూరులో పేరున్న బిల్డరు, మన తెలుగువాళ్లే. గుడియాత్తంలో ఆ ఇంటి ముందు వాళ్లమ్మను వీడియో తీసుకుంటా ఉన్నాడంట. ఫోను నా ముందు పెట్టినాడు.

వీడియోలో కనిపించేది ఆమె ముఖమే. నేను పక్కన సగం ఉన్నాను. నా చెయ్యి గోడ మీద ఉంది, బొటనవేలి గోరుతో సున్నాన్ని గీకుతూ ఉంది. గొంతు నాదే, కాదనను. కానీ ఆ మాట తీరు నాది కాదు. నేను గబగబా మాట్లాడే మనిషిని. అందులో ఒక్కొక్క మాట బరువు మోసినట్టు వస్తా ఉంది.

"ఎక్కి నిలబడిన సారువ కట్టె తడిగా ఉండె. తూర్పు పక్క పిట్టగోడలో పూలు సగందాకా చేసినా. కాలు జారి పడినా, పడినా. ఈ తిన్నె మీదే పండబెట్టినారు. మాయింటామె కడుపుతో ఉండాది. ఆడబిడ్డ పుడితే చెంగమ్మ అని పిలవమను, మాయమ్మ పేరు. మొగబిడ్డయితే ఆమె ఇష్టం. నీళ్లు అడిగితిని. ఎవురూ తేలా."

దాని తర్వాత ఊపిరి తీసుకునేంత సందు కూడా లేదు. నా మామూలు గొంతుతో, తమిళంలో, "వాంగ, అడుత్త వీడు."

ఆ మధ్య మాటలు ఒక్కటి కూడా నాకు గుర్తు లేవు.

దామోదరం వాళ్లమ్మ పేరు చెంగమ్మ. వాళ్లది అరక్కోణం దగ్గర పల్లె. ఆమె కడుపులో ఉండగానే ఆమె నాయన మేస్త్రీ పనికి గుడియాత్తం వచ్చి, పని చేస్తూ పైనుంచి పడి చనిపోయినాడంట. తోటి పనివాళ్లు అక్కడే పూడ్చిపెట్టి, బిడ్డకు పెట్టాల్సిన పేరు సంగతి మాత్రం చెంగమ్మ తల్లికి వచ్చి చెప్పినారు. ఏ వీధి, ఏ ఇల్లు అని ఆ తల్లి అడగలేదో, వాళ్లు చెప్పలేదో. మా నడక గుడియాత్తంలో అని విని, ఒకసారి చూసి వస్తానని చెంగమ్మే కొడుకును బలవంతపెట్టి వచ్చింది.

దామోదరం ఆ రోజే ఒక మాట అన్నాడు. తొరపాడిలో తాను కడుతున్న బిల్డింగులో కింద హాలు మా సంఘానికి ఇస్తాడు, బాడుగ వద్దు. నడకల ఖర్చూ తానే చూసుకుంటాడు. బదులుగా ఆ మిద్దె తిన్నె దగ్గర ఒక రాతిపలక పెట్టించాలి. తన తాత ఇక్కడ చనిపోయినాడు అని, సంఘం విచారించి తేల్చింది అని, కార్యదర్శిగా నా సంతకంతో.

మా గది యజమాని అప్పటికే ఖాళీ చేయమంటున్నాడు. సరోజమ్మ కళ్లు మెరిసినాయి. నేను కొంచెం టైము అడిగినాను.

అప్పటినుంచి నాకు కుదురు పోయింది. ఎక్కడో వినే ఉంటాను, చిన్నప్పుడు విని మరిచిపోయి ఉంటాను అని నన్ను నేను సమాధానపెట్టుకున్నాను. మా నాయన కూడా మేస్త్రీ. బతికి ఉన్న మా మేనత్తను పోయి అడిగినాను. "మీ నాయన వేలూరు దాటి యాడికి పోయినాడు? ఆయప్పకు గుడియాత్తం దోవ కూడా తెలీదు" అనింది. ఆ సందులో ఇంటింటికీ తిరిగి అడిగినాను. మేస్త్రీ పడిపోయిన సంగతి ఒక్కరికీ తెలియదు. డాక్టరుకు చూపించుకున్నాను. తలకు స్కాను తీసినారు. ఏమీ లేదన్నారు.

ఇంట్లో మాట్లాడాలంటే భయం పట్టుకుంది. ఏదన్నా చెప్పి, మా ఆవిడ ముఖం చూసేవాణ్ణి, నేను అన్నది నేను అనుకున్నదేనా అని. ఫోన్లో మాట్లాడినవి రికార్డు చేసుకొని మళ్లీ వినేవాణ్ణి. కూరగాయల బేరం, కరెంటు బిల్లు, మనవరాలి జ్వరం. అన్నీ నా మాటలే. అయినా వినకుండా ఉండలేకపోయినాను.

ఒక మధ్యాహ్నం ఆ మిద్దె తాళం చెవి సంపాదించి సరోజమ్మా నేనూ పైకెక్కినాం. తూర్పు పక్క పిట్టగోడ వీధిలోకి కనపడదు. పక్కిల్లు ఆనుకొని ఉంది. నేను అంతకుముందు పైకి పోయింది లేదు.

పూలు సగందాకానే ఉన్నాయి. ఎంత చక్కటి పని అంటే, ఒక్కొక్క రెక్క విడివిడిగా, అంచు చెదరకుండా. అక్కడినుంచి అవతల మూల దాకా ఉత్త పూత. తాపీతో మొరటుగా లాగేసినారు.

"ఇంకేం ఆధారం కావాలన్నా నీకు?" అనింది సరోజమ్మ. గొంతు తగ్గించి అడిగింది, ఎవరో వింటారన్నట్టు.

పని సగంలో ఆగిపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి అన్నాను. ఇంటివాళ్ల చేతిలో డబ్బు ఆడలేదేమో, మేస్త్రీకి జబ్బు చేసిందేమో. నేను చూసిన కట్టడాల్లోనే అలాంటివి ఎన్నో. అంటూనే ఉన్నాను, నా చెయ్యి ఆ చివరి పువ్వు మీదికి పోబోతే వెనక్కి లాక్కొని జేబులో పెట్టుకున్నాను. దిగేదాకా తీయలేదు.

దామోదరానికి సంతకం పెట్టలేనని చెప్పినాను. మీ అమ్మకు నేను అబద్ధం చెప్పడం లేదు, కానీ సంఘం విచారించి తేల్చింది అని రాయడానికి నా దగ్గర ఏమీ లేదు అన్నాను.

"మీ నోటితో మీరే చెప్పినారు కదా సార్!" అన్నాడు.

ఆ నోరే నాకు నమ్మకంగా లేదు అని ఎలా చెప్పేది? అతను కోపంగా లేచిపోయినాడు. తొరపాడి హాలు టైల్సు అమ్మే అంగడికి బాడుగకు ఇచ్చేసినాడు. మా బీరువాలు ఇప్పుడు సరోజమ్మ ఇంటి మేడ మీద ఉన్నాయి. సభ్యుల్లో ఇద్దరు నాతో మాట్లాడటం మానేసినారు. వాళ్లను తప్పుపట్టను.

కొన్నాళ్లకు చెంగమ్మ మా ఇంటికి వచ్చింది. కొడుకు కింద కారులోనే కూర్చున్నాడు. మా ఆవిడ కాఫీ ఇస్తే పక్కన పెట్టేసింది.

"రాయీ వద్దు, రాతా వద్దు. నాకు చదవను యాడొస్తుంది? ఆ పొద్దు చెప్పింది ఒకతూరి మళ్లీ చెప్పు నాయనా, చాలు."

ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూసినానో. మాటలన్నీ కంఠతా వచ్చేసినాయి. ఆమె కోసం మెల్లగా, ఒక్కటి కూడా వదలకుండా చెప్పినాను. సారువ కట్టె, పూలు, తిన్నె, పేరు, నీళ్లు.

ఆమె చివరిదాకా వినింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"బాగా చెప్పినావు. ఇది నువ్వు చెప్పేది. ఆ పొద్దు చెప్పింది నువ్వు కాదు."

నేను కాఫీ గ్లాసు ఆమె దగ్గరికి జరిపినాను.

"మాయమ్మ గురించి ఇంకేమన్నా అన్నాడా? ఒక్క మాటన్నా?"

లేదమ్మా అన్నాను. ఆమె నమ్మలేదనుకుంటాను. లేచి పోకుండా అక్కడే కూర్చొని నా నోటి వైపు చూస్తా ఉండిపోయింది. కాఫీ చల్లారిపోయింది. కింద కొడుకు హారను కొట్టినాక లేచింది.

ఇది ఎలా జరిగిందో, నాలోంచి మాట్లాడింది ఎవరో, నేనే అయితే ఆ సంగతులు నాకెలా తెలిసినాయో ఈ నాటికీ నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్లు చాలామంది వచ్చినారు. వాళ్ల మాటలూ నాకు నమ్మకం కలిగించలేదు.

నడకలు ఆపలేదు. ఆపితే సంఘం ఉండదు. చెంగమ్మ ప్రతి నెలా వస్తుంది. వేరే ఇళ్ల దగ్గర నీడ చూసుకొని కూర్చుంటుంది, ఏమీ వినదు. ఆ మిద్దె దగ్గరికి రాగానే జనాన్ని తోసుకొని వచ్చి నాకు ఎదురుగా నిలబడుతుంది. నేను తమిళంలో కప్పు గురించి చెప్తాను, స్తంభాల గురించి చెప్తాను. ఆమెకు అవేవీ అక్కర్లేదు. నేను మాట మాటకు మధ్య ఆగినప్పుడల్లా ఆమె కొంచెం ముందుకు వంగుతుంది.