ఎర్తు పిన్ను

పుంగనూరు బస్టాండు వెనకాల మునస్వామి ఫోటో స్టూడియో ఉండేది. దాని పక్కనే మోటార్లు రిపేరు చేసే నా కొట్టు. ఆయన పెళ్లి ఫోటోలు తీస్తే సగం తలలు తెగిపోయేవి, అది ఊరంతా ఎరిగిందే. కానీ పోయినవాళ్ల ఫోటోకు కళ్లు తెరిపించడంలో ఆయన్ని మించినవాడు మదనపల్లెలో కూడా లేడు. కూలికి పోయే ఇళ్లలో బతికుండగా ఫోటో దిగే తీరిక ఎవరికుంది? మనిషి పోయాకే తీయిస్తారు. మూసిన ఆ కళ్లమీద మునస్వామి సన్న కుంచెతో కళ్లు గీసేవాడు. గీసే ముందు తల్లినో అన్ననో ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల కళ్లలోకి చాలాసేపు చూసేవాడు.

2004లో ఆయన కూడా కంప్యూటరు, చిన్న డిజిటల్ కెమెరా కొన్నాడు. ప్లగ్గుకు మూడు పిన్నులు, గోడలో రెండే చిల్లులు. నన్ను పిలిచాడు. గుంత తవ్వి ఎర్తు వైరు లాగాలంటే రెండు రోజుల పని. నా కొట్టులో బోరు మోటార్లు విప్పి పడున్నాయి. పెట్టెకు పాకే కరెంటును భూమిలోకి దింపేది ఆ ఎర్తు పిన్నే. అయినా ఈ లావు పిన్నుతో పనేం లేదులే అన్నా అని రంపం బ్లేడుతో కోసి నా డబ్బాలో పడేశాను. తెలియక చేసిన పని కాదు, బద్ధకం.

కంప్యూటరుకు దుమ్ము తగలకూడదని ఆయన చెప్పులు బయటే విడిచేవాడు. వట్టికాళ్లతో పెట్టెను ముట్టుకుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమనేది. ఛార్జింగులో ఉన్న కెమెరాకు కంప్యూటరు తీగ గుచ్చినప్పుడల్లా నీలంగా ఒక రవ్వ చిటుక్కుమనేది. నాతో చెబితే, కొత్త కోడలు కదా, కొన్నాళ్లు అలాగే ఉంటుందని ఎగతాళి చేశాను. ఆయన కాళ్ల కింద గోనెసంచి వేసుకున్నాడు.

చౌడేపల్లె దగ్గర ఆవులు పెట్టుకుని పాలు పోసే మునిరత్నమ్మకు ఒక్కతే కూతురు, నాలుగేళ్లది. మూడు రోజుల జ్వరంతో పోయింది. మునస్వామి వెళ్లి, తల్లి ఒడిలో పడుకోబెట్టి ఫోటో తీశాడు. ఆ బిడ్డకు అదొక్కటే ఫోటో.

"కండ్లు తెరిసి నన్ను సూస్తా ఉండేట్టు చెయ్యప్పా. నాకంతే సాలు" అని ఆమె అడిగిందట.

వచ్చీరాగానే కెమెరా ఛార్జింగుకు పెట్టి తీగ గుచ్చాడు. ఈసారి రవ్వ పెద్దది. కెమెరా ఆరిపోయింది, అందులోని కార్డు చచ్చిపోయింది. దాన్ని నేనే మదనపల్లె తీసుకెళ్లాను, కుప్పం తీసుకెళ్లాను. ఎక్కడా తెరుచుకోలేదు. అప్పటికే బిడ్డను పూడ్చేశారు.

మునిరత్నమ్మ ప్రతి సోమవారం బస్సు దిగి వచ్చేది. మిషను రిపేరులో ఉందని ఆయన తలవంచుకుని చెప్పేవాడు. నేను నా కొట్టులో వైరు చుట్టుకుంటూ అన్నీ వింటూ ఉండేవాణ్ని.

ఐదు వారాలయ్యాక ఆయన కుంచె బయటికి తీశాడు. బిడ్డ ముఖమంతా గుర్తుమీద గీశాడు. ఎన్ని కాగితాలు చించాడో లెక్క లేదు. చివరిది నాకు చూపిస్తే, బాగుందన్నాను.

సోమవారం మునిరత్నమ్మ ఆ బొమ్మను వాకిట్లో వెలుతురులోకి పట్టుకుపోయి చూసింది. తిరిగొచ్చి బల్లమీద పెట్టింది.

"కండ్లు నావే అప్పా. మొగం ఎవురిది?"

ఆమె మళ్లీ పుంగనూరు దిక్కుకు రాలేదు.

ఆ తర్వాత మునస్వామి తీగ ముట్టలేదు, కుంచె ముట్టలేదు. స్టూడియో మూసేసే రోజు నా కొట్టు ముందు కూర్చుని తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"పీనుగుల్ని ముట్టుకున్న చేతులు నాగరాజా. యాడ పెట్టినా నిప్పే వస్తాండాది. ఆ బిడ్డను నేనే రెండోసారి సంపేస్తిని."

కోసిన ఆ పిన్ను ఇంకా నా సామాన్ల డబ్బాలోనే ఉంది. ఆ నిప్పు చేతులది కాదు, ఈ పిన్ను కోసినందుకేనని అప్పుడూ చెప్పలేదు. ఆయన పోయి మూడేళ్లయింది, ఆ చేతుల మీద బెంగతోనే పోయాడు.