నేను మేపిన కొమ్ము పురుగులు

కొందరికి మీసం మీద ఎంత మమకారమో నాకు పెంటకుప్ప మీద అంత. మా ఉద్దానంలో కొబ్బరితోటలోనే ఇల్లు, ఇంటి వెనకే కుప్ప. మా కుప్ప ఎంత ఎత్తంటే, దానిమీద నిలబడితే ఇచ్ఛాపురం స్టేషన్లో ఏ రైలు ఆగిందో కనిపించేది. నమ్మకపోతే మీ ఇష్టం. కంపు మాత్రం నిజం.

తొంభైల చివర్లో వచ్చిన తుపానుకు మా అమ్మ నాటిన కొబ్బరిచెట్టు కూలిపోయింది. అమ్మ అప్పటికే లేదు. ఆ చెట్టు చివరి గెల కాయల నుంచి నా భార్య ఆరు మొక్కలు మొలిపించింది. ఆ రకం కాయ ఇక దొరకదని ఒక్కో మొక్కకూ తనే నీళ్లు మోసేది. నేనేమో మట్టికి బలమని పేడ, బూడిద, ఎండుచేపల తలకాయలు, కూలిన మాను ముక్కలు కూడా ఆ మొక్కల పక్కనే గుట్ట పోశాను. తొలకరికి కుప్ప ఎత్తి పొలానికి తోలడం ఊళ్లో అందరి పద్ధతి. నేను రెండేళ్లు ముట్టుకోలేదు.

"అందరూ పెంట తోలేసినారు. నువ్వు దాసుకుంటన్నావేటి?" అనేది నా భార్య.

"పాతబడితేనే బలమే. నీకేటి తెలుసు!"

మూడో ఏడు మొక్కల ఆకులు కత్తెరతో కోసినట్టు ముక్కోణాలుగా విప్పుకోవడం మొదలైంది. బలం చాలలేదనుకుని ఇంకో రెండు గంపల చేపచెత్త తెచ్చి కుమ్మరించాను. ఆ వారం పలాస నుంచి వచ్చిన చుట్టాలు గుమ్మందాకా వచ్చి, కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దిగిన బస్సే మళ్లీ ఎక్కేశారు.

రోజూ గంప దించే చేపలమ్మకు కంపు ఒక లెక్క కాదు. ఆవిడ మొక్కలు చూసి ఆగిపోయింది.

"ఇది కొమ్ము పురుగు కోత, బాబూ" అంటూ మోచేతిదాకా కుప్పలో చెయ్యి దూర్చి, బొటనవేలంత లావు తెల్ల పురుగును పైకి తీసింది. అది వంకర తిరిగి కదులుతోంది. తిన్న పెంట దాని చర్మంలోంచి నల్లగా కనిపిస్తోంది. "పిల్లలప్పుడు నీ పెంట తింటాయి, రెక్కలొచ్చాక నీ సెట్టు మొవ్వు తింటాయి. బాగా మేపినావు!"

ఆవిడ దాన్ని నా ముఖం ముందు ఆడించేసరికి అక్కడే కక్కేశాను.

"ఇంత పురుక్కేనా? మా పడవలో అయితే నిన్నే గేలానికి గుచ్చీద్దుము."

నా భార్య నవ్వలేదు. కొంగు దోపి పార అందుకుంది. పార దించిన ప్రతిచోటా పురుగులు గింజల్లా రాలాయి. వాటిని తినీ తినీ కోళ్లు మూడో బకెట్టుకి మొహం తిప్పుకున్నాయి. ఎన్ని సబ్బులు అరగదీసినా చేతుల కంపు వదల్లేదు. వారం రోజులు చెంచాతో అన్నం తిన్నాను, అదీ సగం.

మొక్కల సంగతి అంతకన్నా అసహ్యం. ఒకదాని నడిమధ్య మొలిచే మొవ్వాకు పట్టి లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. అడుగంతా కుళ్లి, జిగురు తీగలు సాగుతోంది. చచ్చిన ఎలుక వాసన. నా భార్య దాన్ని నా చేతిలోంచి తీసుకుని చూసింది.

"మీయమ్మ సెట్టు" అంది.

అలా నాలుగు పోయాయి. మిగిలిన రెండింటి మొవ్వుల్లోంచి ఇనుప కొక్కెంతో పురుగులు లాగాం. ఆకుల మొదళ్లలో వేపపిండీ ఇసుకా కలిపి పోశాం. కుప్ప మొత్తం పొలంలో వెదజల్లాం. ఆముదం పిండి నానబెట్టిన నీళ్లకుండను తోటలో మూతిదాకా పాతితే, రాత్రి ఎగిరొచ్చిన పెద్ద పురుగులు వాసనకి అందులో పడి చచ్చేవి.

మరుసటి వానాకాలం ఆ రెండు మొక్కలూ కోత లేని ఆకు విప్పాయి. నా భార్య వాటి చుట్టూ ముళ్లకంప కట్టి, నన్ను లోపలికి రానివ్వలేదు. కుండ ఒంపే పని మాత్రం నాకు అప్పగించింది. పొద్దున్నే ఆ పులిసిన నీళ్లూ, ఉబ్బిన పురుగులూ. ముక్కు మూసుకున్నానా, వెనకనుంచి తన అరుపు:

"సెయ్యి తీ! బలం పోద్ది!"